చీటీకి ఘాటుండదు

రెండుసార్లు తప్పాను ఆ పేపరు.
సుభాషిణి మేడం బోర్డు మీద డబ్బా గీసి
డబ్బాలోంచి బాణం లాగి
బాణం చివర ఇంకో డబ్బా గీసేది.
"పాయింటర్‌లో ఉండేది విలువ కాదమ్మా, విలువ ఉన్న చోటు."
తల ఊపేదాన్ని.
మే నెల గుంటూరులో మధ్యాహ్నం రెండింటికి
ఊగే తలలన్నీ ఒక్కలాగే ఉంటాయి.

పి ముందు నక్షత్రం ఎప్పుడు పెట్టాలో తెలియక
చెయ్యి పోయిన చోటల్లా చల్లేదాన్ని,
అమ్మ బజ్జీల్లో వాము చల్లినట్టు.

సెలవుల్లో కోల్డ్ స్టోరేజీలో చీటీలు రాసే పని.
నెలకి ఎనిమిది వేలు, రెండు పూటలా టీ.
గుమస్తా నాగుల్‌మీరా మొదటిరోజే
నా చేతిలో ఓ పచ్చకాగితం పెట్టి
వాసన చూడమన్నాడు.
చూశాను.
"తుమ్మొచ్చిందా?"
రాలేదు.
"నూట ఇరవై టిక్కీల తేజ రకం అది.
మూడో చాంబరు, నాలుగో అంతస్తు, పదిహేడో గడి.
తుమ్మాలంటే అక్కడికి పోవాలి."

పోయాను, స్వెట్టరు కూడా లేకుండా.
బయట నలభై నాలుగు, లోపల ఆరు.
గోనె మూతి విప్పి వంగానో లేదో
తుమ్ములు,
ఏడో ఎనిమిదో, లెక్క తప్పింది,
కళ్లు మండి నీళ్లు కారుతుంటే
మసకలో కనిపించింది నక్షత్రం.
నక్షత్రమంటే నడక.
చీటీ పట్టుకుని గడి దాకా పోయి
మూతి విప్పడం.
అంతే.
ఇంత చిన్న సంగతికి రెండుసార్లు ఫీజు కట్టాను.

ఇక చూసినవన్నీ అవే.
యార్డులో చీటీ చేతులు మారుతుంది:
రైతు నుంచి కమీషన్ కొట్టుకి, కొట్టు నుంచి బ్యాంకుకి.
మిరప మాత్రం పదిహేడో గడిలో
కదలకుండా నిద్రపోతుంది.
చీటీకి నకలు తీస్తే టిక్కీలు రెండింతలు కావు.
ఒక నకలుతో తమ్ముడొచ్చి యాభై దింపుకుపోతే
ఇంకో నకలుతో అన్న వచ్చి
మిగిలిన డెబ్భై చూసి లబోదిబోమంటాడు.
ల్యాబ్‌లో మూడు వారాలు నేనూ అలాగే ఏడ్చాను,
నా ఎక్స్‌ని ఎవరు తగ్గించారని.

పక్క గడికి పోవాలంటే ఒకటి కలపాలి.
ఆ ఒకటి ఒక అడుగు కాదు, ఒక గడి వెడల్పు.
బాండు ఏ బీరువాలో ఉందో రాసిన చీటీ
సేటు పర్సులో ఉంటుంది:
రెండు నక్షత్రాలు.
ఇది చెబితే మీరా పడీపడీ నవ్వాడు,
"దీనికి కాలేజీ దేనికి తల్లీ" అని.

వెనక షెడ్డులో అమ్మ తొడిమలు తీస్తుంది.
ఆమె చేతులకు చీటీ అక్కర్లేదు.
రాత్రి చెంబులో వేళ్లు ముంచితే
చెంబుకే మంట పుడుతుంది.

అన్నీ అర్థమయ్యాయనుకున్న వారంలో
అంకమ్మరావు వచ్చాడు, ప్లాస్టిక్ కవర్లో మడిచిన బాండుతో.
రెండో చాంబరు, ఒకటో అంతస్తు, తొమ్మిదో గడి.
రెండో చాంబరు కాలిపోయి ఆరేళ్లు.
అక్కడిప్పుడు లారీలు తిరిగే ఖాళీ జాగా,
నాలుగు ఉమ్మెత్త మొక్కలు.
కాగితం మాత్రం చెక్కుచెదరలేదు.
సంతకం ఉంది, ముద్ర ఉంది, అంకె ముత్యంలా ఉంది.
అది చూపే చోట ఎండ ఉంది.

ఏటా వస్తాడట.
మీరా ఆ కాగితం చివరిదాకా చదివి
మళ్లీ అదే మడతల్లో మడిచి ఇచ్చి
కుర్చీ లాగి, నన్ను టీ తెమ్మన్నాడు.

విడిపించిన చోటుని చూపే పాయింటర్‌లో
వెంటనే నల్ పెట్టేయమంటుంది మేడం.
ఇప్పుడు మర్చిపోకుండా పెడుతున్నాను,
ఒక్క లైను, ఎంతసేపు.

ఆయన టీ తాగి
కవరుని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని
పైనుంచి రెండుసార్లు తట్టి చూసుకున్నాడు.